చలికాలం మాల్టాకు స్నేహితులు వస్తుంటే, ముందు ఇల్లు ఆరబెట్టండి

మీరు అడిగింది ఇదీ: మాల్టాలోని గ్జీరా ఊళ్లో రెండు బెడ్‌రూముల అద్దె ఫ్లాట్‌లో ఉంటున్నారు. జనవరి ఆఖరి వారంలో హైదరాబాద్ నుంచి మీ స్నేహితుడు, ఆయన భార్య, ఎనిమిదేళ్ల పాప, స్నేహితుడి అమ్మగారు వారం రోజులకు వస్తున్నారు. ఏ రోజు ఎక్కడికి తిప్పాలో జాబితా కావాలన్నారు. అది చివర్లో చెబుతాను. జనవరిలో మాల్టాకు వచ్చినవాళ్లు చలికి ఇబ్బంది పడేది ఎక్కువగా ఇంట్లోనే, అందుకని ముందు ఇంటి సంగతి చూడాలి.

బయట పగలు 15, 16 డిగ్రీలు, రాత్రి 9, 10. అంకెలు చూసి హైదరాబాద్ వాళ్లు "ఇంతేనా" అనుకుంటారు. అక్కడ రాత్రి ఎంత చలేసినా మధ్యాహ్నానికి ఎండ కాసి గోడలు వేడెక్కుతాయి. ఇక్కడి ఇళ్లు సున్నపురాయితో కట్టినవి. ఆ రాయి వాన నీటిని పీల్చుకుంటుంది, వారాల తరబడి ఆరదు. చాలా ఫ్లాట్లలో కిటికీలకు ఒకటే అద్దం, గదులు వేడిచేసే ఏర్పాటు ఉండదు. ఫలితంగా ఇంట్లో రాత్రింబవళ్లు 15, 16 డిగ్రీలే, గాలిలో తేమ 75 శాతం పైన. దుప్పటి ముట్టుకుంటే తడిసినట్టు ఉంటుంది. పెద్దావిడకు మోకాళ్లు పట్టేసేది, పాపకు దగ్గు మొదలయ్యేది ఇక్కడే.

కాబట్టి వాళ్లు రావడానికి వారం ముందు మొదలుపెట్టండి. మొదట ఒక తేమ మీటరు కొనండి, చిన్నది 10 యూరోల లోపే దొరుకుతుంది. అతిథులకిచ్చే గదిలో పెట్టి చూడండి. 70 దాటి ఉంటే గాలిలోని తేమను లాగేసే మిషన్, డీహ్యూమిడిఫయర్ తప్పదు. పెట్టె మీద "రోజుకు 20 లీటర్లు" అని రాసి ఉంటే నిజంగా 20 లీటర్లు లాగుతుందని అనుకోకండి. అది 30 డిగ్రీల వేడిలో, 80 శాతం తేమలో కొలిచిన అంకె. మన 16 డిగ్రీల గదిలో అందులో సగం కూడా రాదు. అందుకే చిన్న మిషన్ కొంటే డబ్బు దండగ. కిటికీలు, తలుపు మూసి, అలమర తలుపులు తెరిచి, ఒక్కో గదికి ఒక్కో రోజు చొప్పున నడపండి. హాలుతో కలిపి ఇల్లంతా ఒకేసారి ఆరబెడదామంటే ఏ గదీ ఆరదు. 55, 60 శాతానికి తెస్తే చాలు, అంతకంటే దించితే గొంతు ఎండిపోతుంది. ఈ సైజు మిషన్ సుమారు 300, 400 వాట్లు తీసుకుంటుంది. ఎనిమిది గంటలకు మూడు యూనిట్ల దాకా, అంటే అర యూరో లోపు. ఈ ఖర్చుకు వెనకాడకండి.

మంచాన్ని, అలమరను బయటి గోడ నుంచి కనీసం నాలుగు వేళ్ల దూరం జరపండి. గోడకు ఆనించిన పరుపు వెనక గాలి ఆడదు, నల్ల బూజు మొదలయ్యేది అక్కడే. ఇప్పటికే బూజు ఉంటే పొడి బ్రష్‌తో రుద్దొద్దు. దాని పొడి గదంతా లేస్తుంది. కిటికీ తెరిచి, చేతులకు గ్లవ్స్ వేసుకుని, బూజు మందు కొట్టి, పదిహేను నిమిషాలాగి తడిబట్టతో తుడవండి. బ్లీచు, వెనిగరు రెండూ కలపకండి, విషవాయువు వస్తుంది.

కిటికీలు ఎప్పుడు తెరవాలన్నదానికీ ఒక లెక్కుంది. వాన వెలిసి వాయవ్యం గాలి వీస్తున్నప్పుడు అన్నీ తెరిచి ఇరవై నిమిషాలు గాలాడనివ్వండి, అది పొడిగాలి. ఆగ్నేయం వైపు నుంచి ష్లొక్ గాలి వచ్చిన రోజు వెచ్చగా ఉంది కదా అని తెరవకండి. ఆ గాలి సముద్రం మీదుగా తేమ మోసుకొస్తుంది. అది చల్లటి టైల్స్‌కు, గోడలకు తగిలి నీరవుతుంది. నేల చెమట పట్టినట్టు తడిసి, పాప జారి పడుతుంది. ఆ రోజు అన్నీ మూసి మిషన్ నడపడమే.

ఇక వెచ్చదనం. ఇన్వర్టర్ ఏసీ ఉంటే అదే అన్నిటికంటే చవక, క్షేమం. ముందుగా ఫిల్టర్లు తీసి కడగండి. వేసవి దుమ్ముతో మూసుకుపోయి ఉంటే వేడి గాలి రాదు. హీట్ మోడ్‌లో 21, 22 పెట్టి, గాలి కిందికి కొట్టేలా రెక్కలు వంచండి, లేకపోతే వేడంతా పైకప్పు దగ్గరే ఆగిపోతుంది. పడుకోవడానికి గంట ముందు వేయండి. ఏసీ వేడి తేమను తీసెయ్యదని గుర్తుంచుకోండి. గదిని ముందు ఆరబెట్టి తర్వాత వేడిచేస్తేనే ఫలితం.

చక్రాల మీద లాక్కెళ్లే గ్యాస్ హీటర్ మాత్రం అతిథుల గదిలో పెట్టొద్దు. ఈ విషయంలో నేను రాజీపడను. అందులో కాలిన ప్రతి కిలో గ్యాసుకు కిలోన్నరకు పైగా నీటి ఆవిరి పుడుతుంది. 12 కిలోల సిలిండర్ అయిపోయేసరికి దాదాపు 19 లీటర్ల నీళ్లు మీ గోడల్లోకి, పరుపుల్లోకి చేరతాయి. అంటే డీహ్యూమిడిఫయర్ పడ్డ పాటంతా వృథా. అంతకంటే ముఖ్యం, తలుపులేసుకుని పడుకున్న గదిలో అందులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ వాయువు ప్రాణాంతకం. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలో ఉన్న మనిషికి తెలియదు. హాల్లో తప్పనిసరై వాడితే కిటికీ కాస్త తెరిచి, మనుషులు మెలకువగా ఉన్నంతసేపే వాడండి. బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి పెట్టండి.

మంచం వెచ్చగా ఉంటే గది కాస్త చల్లగా ఉన్నా నిద్ర పడుతుంది. పెద్దావిడ మంచానికి పరుపు మీద పరిచే ఎలక్ట్రిక్ బ్లాంకెట్ కొనండి. వంద వాట్ల లోపే తీసుకుంటుంది. పడుకునే అరగంట ముందు వేసి, పడుకునేటప్పుడు ఆపేయమనండి. పాప మంచానికి అది వద్దు, రెండు దుప్పట్లు ఇవ్వండి. ఇంట్లో వేసుకోవడానికి మందపాటి అడుగున్న చెప్పులు నలుగురికీ నాలుగు జతలు తీసి పెట్టండి. మనవాళ్లు గుమ్మం దగ్గరే బూట్లు విప్పి ఒట్టి కాళ్లతో లోపలికొస్తారు. ఆ టైల్స్ మీద పది నిమిషాలు నడిస్తే చలి మోకాళ్ల దాకా ఎక్కుతుంది.

స్నానాల లెక్క ముందే వేసుకోకపోతే మొదటి రోజు ఉదయమే గొడవ. మీ ఫ్లాట్‌లో గీజరు 50 లీటర్లది అనుకుందాం, ఎక్కువ ఇళ్లలో ఉండేది అదే. 60 డిగ్రీలకు కాగిన 50 లీటర్లను 15 డిగ్రీల కొళాయి నీళ్లతో కలిపితే, 40 డిగ్రీల స్నానపు నీళ్లు 90 లీటర్లు వస్తాయి. షవర్ నిమిషానికి 8 లీటర్లు పారిస్తుంది. అంటే ఇంటిల్లిపాదికీ కలిపి పదకొండు నిమిషాలు. ఆ తర్వాత 1.5 కిలోవాట్ల గీజరు మళ్లీ కాగడానికి దాదాపు గంటా ముప్పావు పడుతుంది. అదే బకెట్, చెంబు పెడితే మనిషికి 18 లీటర్ల చొప్పున అవే నీళ్లు ఐదుగురికి వస్తాయి. బకెట్ కొనిపెట్టండి, అమ్మగారికి కూడా అదే హాయి. ఇద్దరు ముగ్గురు రాత్రే స్నానం చేసేలా వంతులు పెట్టుకోండి. ఇంటి మీద సోలార్ హీటర్ ఉన్నా మబ్బు పట్టిన రోజున కరెంటు స్విచ్ వేయాల్సిందే.

కరెంటు కూడా చూసుకోండి. పాత ఫ్లాట్లలో సాధారణంగా సింగిల్ ఫేజ్, 40 ఆంపియర్లు. అంటే మొత్తం మీద 9 కిలోవాట్ల చిల్లర. రెండు ఏసీలు, గీజరు, ఓవెన్, ఇండక్షన్ పొయ్యి, కెటిల్ కలిస్తే అది దాటిపోతుంది, మెయిన్ పడిపోతుంది. వంట చేస్తున్నప్పుడు గీజరు ఆపడం అలవాటు చేసుకుంటే ఈ బాధ ఉండదు. గట్టి వాన రాత్రి కరెంటు పోయి, పక్కింట్లో ఉంటే, అది వేరే సంగతి: డాబా మీదో బాల్కనీలోనో ఏ సాకెట్‌లోకో లైటులోకో నీళ్లు దిగి, షాక్ నుంచి కాపాడే పెద్ద బ్రేకర్ పడిపోయి ఉంటుంది. చిన్న బ్రేకర్లన్నీ దించండి. పెద్దది పైకెత్తండి. చిన్నవి ఒక్కొక్కటే ఎత్తుతూ పోండి. దేనికి మళ్లీ పడిందో దాన్ని దించి ఉంచి, మిగతావి వాడుకుంటూ మర్నాడు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. సాకెట్లు బ్రిటన్ తరహా మూడు చదరపు పిన్నులవి, మన ప్లగ్గులు పట్టవు. రెండు మూడు అడాప్టర్లు సిద్ధంగా ఉంచండి.

బట్టలు ఇంట్లో ఆరేస్తే ఒక్కో వాయికి రెండు మూడు లీటర్ల నీళ్లు గదిలోకి వదిలినట్టే. చిన్న బాత్రూమ్‌లో స్టాండు పెట్టి, డీహ్యూమిడిఫయర్‌తో తలుపు మూసేయండి. రాత్రికి రాత్రే ఆరిపోతాయి.

వంటింట్లో మనవాళ్లకు ఎదురయ్యే మొదటి దెబ్బ ఇడ్లీ పిండి. 16 డిగ్రీల్లో రాత్రి రుబ్బింది పొద్దున చూస్తే అలాగే ఉంటుంది. రుబ్బేటప్పుడే గోరువెచ్చని నీళ్లు పోయండి. గిన్నెను ఓవెన్‌లో పెట్టి, ఓవెన్ వెయ్యకుండా లోపలి లైటు మాత్రం వెలిగించండి. పాత రకం బల్బు అయితే ఆ వేడి చాలు, 12 నుంచి 14 గంటల్లో పొంగుతుంది. ఎల్‌ఈడీ అయితే వేడి రాదు కనుక పక్కన మరిగిన నీళ్ల గిన్నె పెట్టి, నాలుగైదు గంటలకోసారి మార్చండి. పెరుగు కూడా అక్కడే తోడుకుంటుంది. ఓవెన్ తలుపు మీద "లోపల పిండి ఉంది" అని కాగితం అంటించండి, ఇంతమంది ఉన్న ఇంట్లో ఎవరో ఒకరు చూడకుండా ఓవెన్ వేసేస్తారు. వంట ఆవిరికి కిటికీ పది నిమిషాలు తెరవడం మర్చిపోవద్దు.

కొళాయి నీళ్లలో ఎక్కువ భాగం సముద్రపు నీటిని శుద్ధి చేసినవే. తాగొచ్చు, కానీ రుచి ఉప్పగా ఉంటుంది, టీ కూడా బాగుండదు. తాగడానికి, టీకి సీసా నీళ్లు పెట్టండి. 2022 నవంబరు నుంచి ప్రతి సీసాకు 10 సెంట్లు డిపాజిట్ పడుతోంది. ఖాళీ సీసాలు నలగ్గొట్టకుండా దాస్తే మిషన్‌లో వేసి వెనక్కి తీసుకోవచ్చు. నలిగినవి మిషన్ తీసుకోదు. చెత్త విషయంలో అతిథులకు ఒక కాగితం రాసి తలుపుకు అంటించండి: తిండి చెత్త తెల్ల సంచీలో సోమ, బుధ, శుక్రవారాలు, ప్లాస్టిక్కు, కాగితం గురువారం, మిగతాది నల్ల సంచీలో మంగళ, శనివారాలు. చాలా ఊళ్లలో ఇదే పద్ధతి, మీ వీధిలో తేడా ఉందేమో చూసుకోండి. తప్పు రోజు బయట పెడితే జరిమానా మీకే. అద్దె ఒప్పందంలో రాత్రి అతిథుల గురించి ఏమైనా రాసి ఉందేమో కూడా ఓసారి చదివి, ఇంటి యజమానికి ముందుగా ఒక మెసేజ్ పెట్టండి.

ఇక తిరగడం. ఏ రోజు ఎక్కడికి అని ఇప్పుడే తేదీలు వేసుకోకండి. ఈ దీవిలో చలికాలం కార్యక్రమాన్ని గాలి నిర్ణయిస్తుంది. ముందు రోజు రాత్రి గాలి ఎటునుంచో చూసి మర్నాటిది ఖాయం చేయండి.

ఈశాన్యం నుంచి వచ్చేది గ్రిగాల్. స్లీమా సముద్రపు గట్టు, రాజధాని వాలెట్టా, సెంట్ పాల్స్ బే తీరాలకు సూటిగా కొడుతుంది. 2019 ఫిబ్రవరిలో ఈ గాలి తుపానుకే చేపల పెంపకం వలలు తెగి, సెంట్ పాల్స్ బే దగ్గర చేపలు రోడ్డెక్కాయి. గ్రిగాల్ వీచే రోజున దీవికి అవతలి వైపు, పడమర, నైరుతి తీరాలకు వెళ్లండి: దింగ్లి కొండ అంచులు, గోల్డెన్ బే, హజార్ ఇమ్, ఇమ్నైద్రా ఆలయాలు. ఐదు వేల ఏళ్లు దాటిన ఆ రాతి ఆలయాల మీద పెద్ద గుడారం కప్పారు కాబట్టి చినుకులు పడ్డా చూడొచ్చు. వాలెట్టా నుంచి 74వ నంబరు బస్సు ఉంది. పక్కనే బ్లూ గ్రోటో గుహల పడవలు చలికాలంలో సముద్రం నెమ్మదించిన రోజునే నడుస్తాయి, అక్కడికి వెళ్లాకే ఆశ పెట్టుకోండి.

వాయవ్యం నుంచి వచ్చే మజ్జిస్త్రాల్ రోజున పడమటి తీరం, పక్క దీవి గోజోకు మధ్యనున్న జలసంధి అల్లకల్లోలంగా ఉంటాయి. అప్పుడు ఆగ్నేయానికి, జాలర్ల ఊరు మార్సష్లొక్‌కు వెళ్లండి. రంగు పడవల మీద కళ్లు చెక్కి ఉంటాయి, పాపకు అదో సరదా. చేపల సంత ఆదివారం ఉదయం. మధ్యాహ్నానికల్లా సర్దేస్తారు కనుక పొద్దున్నే చేరాలి.

గాలివాన రోజు వాలెట్టాకు వదిలేయండి. సెంట్ జాన్స్ కో-కెథడ్రల్‌లో ఇటలీ చిత్రకారుడు కరవాజియో 1608లో వేసిన పెద్ద చిత్రం ఉంది, ఆయన సంతకం ఉన్న ఏకైక చిత్రం అదే. ఆదివారం సందర్శకులను రానివ్వరు, భుజాలు కప్పుకోవాలి, సన్న మడమల చెప్పులు ఒప్పుకోరు. అప్పర్ బరక్కా తోటలో మధ్యాహ్నం 12కు, సాయంత్రం 4కు ఫిరంగి పేలుస్తారు, పావుగంట ముందు చేరితే రెయిలింగ్ దగ్గర చోటు దొరుకుతుంది. అమ్మగారితో వెళ్లేటప్పుడు ఒక్కటి చూసుకోండి: స్లీమా నుంచి ఫెర్రీ దగ్గరే కదా అని ఎక్కితే, దిగాక నిట్టనిలువు వీధులు, మెట్లు ఎక్కాలి. తడిసిన సున్నపురాయి నున్నగా జారుతుంది. బస్సులో సిటీ గేటు దగ్గర దిగితే నడక అంతా దాదాపు సమతలం. అవతలి వైపు, గ్రాండ్ హార్బర్ రేవు నుంచి వస్తే బరక్కా లిఫ్టు ఎక్కండి.

హైపోజియం చూడాలనుకుంటే మాత్రం గాలితో పని లేదు, టికెట్‌తోనే పని. నేల కింద ఉన్న ఆ సమాధుల్లోకి గంటకు 10 మందినే పంపుతారు, వారాల ముందే అయిపోతాయి. ఆరేళ్ల లోపు పిల్లలకు ప్రవేశం లేదు, మీ పాపకు ఎనిమిది కాబట్టి ఫర్వాలేదు. టికెట్లు ఉన్నాయేమో ఇవాళే చూడండి.

గోజోకు చిర్కెవ్వా నుంచి పెద్ద ఫెర్రీ, 25 నిమిషాలు. స్లీమా నుంచి 222 బస్సు అక్కడికి వెళ్తుంది. వెళ్లేటప్పుడు టికెట్ అడగరు, తిరిగొచ్చేటప్పుడు ఇమ్జార్ రేవులో 4.65 యూరోలు కట్టాలి. వాలెట్టా నుంచి నేరుగా వెళ్లే వేగం పడవ సముద్రం కాస్త రేగినా ఆగిపోతుంది, పెద్ద ఫెర్రీ కూడా మరీ పెద్ద గాలికి కొన్ని గంటలు నిలిపేస్తారు. అందుకే గోజోను తిరుగు ప్రయాణానికి ముందు రోజు ఎన్నడూ పెట్టొద్దు. వారం మొదట్లో గాలి నెమ్మదించిన మొదటి రోజునే వెళ్లి రండి. సాయంత్రం ఐదున్నరకే పొద్దు గూకుతుంది కాబట్టి జిగంతియా ఆలయాలు, విక్టోరియా కోట, ద్వేయ్రా, ఈ మూడే చాలు. ద్వేయ్రాలో పాత ఫోటోల్లో కనిపించే రాతి తోరణం 2017 మార్చి 8న తుపానుకు కూలిపోయింది, ముందే చెప్పండి. కొమీనో దీవి, అక్కడి బ్లూ లగూన్ వదిలేయండి. నీళ్లు 15 డిగ్రీలు, పైగా ఆ చల్లగాలి. దానికి బదులు పొలాలన్నీ పచ్చగా, పసుపు పూలతో నిండి ఉండేది ఈ నెలల్లోనే, వేసవిలో వచ్చినవాళ్లకు ఆ దృశ్యం దక్కదు.

ఎక్కడైనా సరే, అలలు తడిపిన రాళ్ల మీదికి ఫోటోల కోసం దిగనివ్వకండి. పది నిమిషాలు ప్రశాంతంగా ఉన్న చోటే ఒక్కసారి పెద్ద అల వచ్చి మనిషిని లాగేస్తుంది. పాప చెయ్యి వదలొద్దు.

బస్సులో మీకు ఇక్కడి బస్సు కార్డు తాలిన్యాతో ఉచితమే, అతిథులకు చలికాలంలో ఒక్క టికెట్ 2 యూరోలు, రెండు గంటలు చెల్లుతుంది. బ్యాంకు కార్డు తాకించి కట్టొచ్చు. అయితే భారతీయ కార్డుల్లో విదేశీ, కాంటాక్ట్‌లెస్ లావాదేవీలను బ్యాంకు యాప్‌లో విడివిడిగా తెరవాలి, బయల్దేరే ముందే తెరవమనండి. గట్టి వాన పడితే ఇమ్సీదా, బిర్కిర్కారా రోడ్లు నీళ్లతో నిండి బస్సులు ఇరుక్కుపోతాయి, ఆ గంట ఇంట్లో ఉండటమే మేలు.

బయట తిండికి శాకాహారులైతే పస్తిజ్జి (లోపల ముద్ద పెట్టి కాల్చిన పొరల తినుబండారం) అడిగేటప్పుడు బఠాణీదో, రికోటా జున్నుదో అని చెప్పి అడగండి. పైపొరలో కొన్నిచోట్ల పంది కొవ్వు వాడతారు, పట్టింపు ఉన్నవాళ్లుంటే దుకాణంలో అడిగి తీసుకోండి. ఫ్తీరా రొట్టెలో ట్యూనా చేప మామూలుగా ఉంటుంది. ఖర్జూరం పెట్టి వేయించిన ఇమారెత్ వేడివేడిగా తింటే మనవాళ్లకు బాగా నచ్చుతుంది.

అత్యవసరానికి 112. పెద్దాసుపత్రి ఇమ్సీదాలోని మాటర్ దేయ్. అమ్మగారి మందుల చీటీ మీద మందు అసలు పేరు ఉండేలా చూడండి, బ్రాండ్ పేర్లు ఇక్కడ వేరు. వీసాకు తీసుకున్న బీమా కాగితం ఫోన్‌లో ఒకటి, మీ దగ్గర ఒకటి ఉంచండి.

సామాను సర్దడం ఇప్పటికే మొదలై ఉంటుంది కాబట్టి వాళ్లకు ఇవాళే ఫోన్ చేయండి. టోపీ ఉన్న, గాలి ఆపే జాకెట్ ఒక్కొక్కరికీ కావాలి, ఈ గాలికి గొడుగు నిలవదు. రబ్బరు అడుగు బూట్లు, మేజోళ్లు, రాత్రి ఇంట్లోకి థర్మల్స్ పెట్టుకోమనండి. మీ కోసం తెచ్చే తినుబండారాల్లో మాంసం, పాల పదార్థాలు ఉండకూడదు. యూరోపియన్ యూనియన్ నిబంధన అది: చికెన్ పచ్చడి, నెయ్యి డబ్బా, కోవా, పనీర్ ఏవైనా విమానాశ్రయంలో తీసేసుకుంటారు. పచ్చి కరివేపాకు, మామిడికాయలు, కూరగాయలు కూడా మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా రానివ్వరు. ఆవకాయ, గోంగూర పచ్చడి, కారప్పొడులు, అప్పడాలు తెచ్చుకోవచ్చు. పచ్చళ్లను రెండు కవర్లలో చుట్టి, చేతి సంచీలో కాకుండా పెద్ద పెట్టెలో పెట్టమనండి.